గీతకు అవతల ఫిల్ము రోలు

1975 ఏప్రిల్ 13న బీరూట్ శివారులో పాలస్తీనీయులు ప్రయాణిస్తున్న ఒక బస్సు మీద కాల్పులు జరిగాయి. ఆనాడు మొదలైన లెబనాన్ అంతర్యుద్ధం 1990 దాకా నడిచింది. ఊరు తూర్పు, పడమరలుగా చీలిపోయింది. నడుమ వీధుల్లో జనం తిరగడం మానేస్తే చెట్టూ చేమా మొలిచాయి. ఆ సరిహద్దును గ్రీన్ లైన్ అన్నారు.

అప్పటికి జియాద్ దుయేరీకి పన్నెండేళ్ళు నిండలేదు. 1983లో అమెరికా వెళ్ళి సినిమా చదువు చదువుకుని, కెమెరా సహాయకుడిగా పనిచేసి, 1998లో ‘వెస్ట్ బీరూట్’ తీశాడు. నేను బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు ఒక ఫిల్మ్ సొసైటీలో చూశాను. తారిక్, ఒమర్ అనే ఇద్దరు ముస్లిం కుర్రాళ్ళు, మే అనే క్రైస్తవుల పిల్ల. బడి మూతపడితే మొదట్లో వాళ్ళకు పండగే. చేతిలో సూపర్ ఎయిట్ కెమెరా ఉంది. రోలు తీశారు సరే, దాన్ని కడిగించాలంటే మాత్రం గీత దాటాలి!

ఆట ముగిశాక ఒక పెద్దాయన, “ఊళ్ళో శవాలు లేస్తుంటే వీళ్ళకీ సినిమా పిచ్చేమిటండీ?” అన్నారు. ఆయన మాట నాకు మింగుడుపడలేదు.

నేను హోసూరులో బీకాం చదివే రోజుల్లో మేనమామ కెమెరా అడిగి తెచ్చుకునేవాణ్ణి. రోలుకు ముప్ఫయ్యారు బొమ్మలు. ఎలా వచ్చాయో కడిగేదాకా తెలియదు. ఆ వారం రోజులూ స్టూడియో గుమ్మం చుట్టూ తిరిగేవాణ్ణి. నాకూ స్టూడియోకూ మధ్య తుపాకి పట్టుకుని ఎవడూ నిలబడలేదు. సెల్‌ఫోనులో తీసి ఆ క్షణమే చూసుకునే మా అబ్బాయికి ఈ ఎదురుచూపు చెప్పినా అర్థం కాదు. పదహారేళ్ళవాడు యుద్ధం వచ్చిందని ఆశపడడం మానేస్తాడా? మానేస్తే అది మరీ ఘోరం కాదూ?

బ్యాంకువాణ్ణి గనక ఇంకో సంగతి చెప్పాలి. 1976 జనవరిలో అక్కడి బ్రిటిష్ బ్యాంక్ ఆఫ్ ది మిడిల్ ఈస్ట్‌లోకి గోడ పగలగొట్టుకుని వెళ్ళి లాకర్లు దోచుకున్నారు. ఎంత పోయిందో నేటికీ ఇదమిత్థంగా తేలలేదు. లాకరులో ఏముందో బ్యాంకుకు తెలియదు గదా, ఏ లెడ్జరులో రాస్తాం? 1975లో డాలరుకు రెండున్నర లోపున్న లీరా, 1992లో రెండు వేలు దాటింది. అదైనా లెక్కకు దొరికింది. పదిహేనేళ్ళలో ఎంతమంది కుర్రాళ్ళ రోలు కడగకుండా ఉండిపోయిందో ఎవరు రాశారు?

గీత దాటే దారుల్లో ఒకదాని పేరు ‘మ్యూజియం’. జాతీయ మ్యూజియం సరిగ్గా అక్కడే ఉంది. దాని అధిపతి మోరిస్ షెహాబ్, భార్యతో కలిసి చిన్న వస్తువులను నేలమాళిగలో పెట్టి గోడ కట్టించేశాడు. కదిలించలేని రాతి శవపేటికల చుట్టూ కాంక్రీటు పోయించాడు. పైన గోడలకు గుళ్ళ దెబ్బలు. సైనికులు లోపలే కాపురం ఉన్నారు. యుద్ధం ముగిశాక ఆ కాంక్రీటు పగలగొట్టారు. వేల ఏళ్ళనాటి బొమ్మలు లోపల అలాగే ఉన్నాయి.