మూలమీది హోటల్ రేడియో

షోలాపూర్ తూర్పు భాగం అంటే మనవాళ్లకు కొత్తగా చెప్పనక్కర లేదు. మార్కండేయుని గుడి, రాఖీ పున్నమికి రథం, ఇంట్ల మగ్గం, గడపల బీడీల చేట. మరాఠీ ఊర్లో మన తెలుగు గల్లీలు. నేను 1947లో ఇక్కడే పుట్టిన. ఇప్పుడు మనవరాలు చెవిల వైర్లు పెట్టుకొని ఒక్కతే పాటలు వింటది. మా కాలంలో పాట గల్లీ అంతటిదీ.

గల్లీ మొత్తానికి రేడియో ఒక్కటే, మూలమీది చాయ్ హోటల్లో. వాల్వుల పెట్టె. మీట తిప్పంగనే పలకదు. లోపల వేడెక్కినాక ముందు గుర్రుమని, తర్వాత మాట వచ్చేది. రేడియోకు ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి, అందుకే ఇంట్ల రేడియో అంటే ఉన్నోళ్ల ముచ్చట.

హోటల్లో మగపిల్లలు ఒక్క చాయ్ ఇద్దరు పంచుకొని గంటసేపు కూసునేటోళ్లు. ఆడపిల్లలం పోరాదు. మేము గడపల కూసొని బీడీలు చుడుతూ వినేవాళ్లం. తునికాకు నానబెట్టి, కత్తెరతో కోసి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టాలి. నిదానం పాట వస్తే చెయ్యి నిదానం, షమ్మీ కపూర్ పాట వస్తే చెయ్యి ఉరికేది. మా అవ్వకు హిందీ రాదు. అయినా "ఆ దునికే పాటనే పెట్టమనుండ్రి, వెయ్యి బీడీలు జల్ది అయితయి" అనేది.

బుధవారం రాత్రి ఎనిమిదింటికి సిలోన్ రేడియోలో బినాకా గీత్‌మాలా. 1952లో కేస్కర్ మంత్రిగా ఉన్నప్పుడు మన ఆకాశవాణిలో సినిమా పాటలు బందైనయి. అప్పటి నుంచి జనం చెవి కొలంబో దిక్కు తిరిగింది. 1957లో వివిధ భారతి వచ్చినా బుధవారం మాత్రం అమీన్ సయానీదే. ఏ పాట ఏ మెట్టు మీదికి ఎక్కిందో చెబుతుంటే హోటల్లో చాయ్ పందేలు. 1962 ఏడాది లెక్కలో 'జంగ్లీ' సినిమా పాట అన్నిటికన్నా పైన నిలిచింది. అది దునికే పాట కాదు, నిదానం పాటే. అవ్వకు నచ్చలేదు!

సముద్రం అవతలి స్టేషన్ కదా, పాట మధ్యల గొంతు దూరం పోయి మళ్లీ దగ్గరికొచ్చేది. ఆ పోయిన మాటలు ఏమిటో తెలియాలంటే పాటల పుస్తకం ఉండాలి. టాకీసు ముందర కొన్ని నయాపైసలకు అమ్మేటోళ్లు. మా అన్న తెచ్చేది.

నన్ను నాలుగో తరగతిలోనే బడి మాన్పించిండ్రు. చెల్లెను ఎత్తుకోవాలె, బీడీలు చెయ్యాలె. నాతో మానిన పిల్లలు చాలామంది రెండేండ్లల్ల అక్షరాలు మరిచిపోయిండ్రు. నాకు పుస్తకాలు ఉండె. 'గుండమ్మ కథ', 'లవకుశ' పాటల పుస్తకాలు హైదరాబాద్ పోయొచ్చినోళ్లు తెచ్చిచ్చిండ్రు. బొమ్మ చూడలే, పుస్తకమే చూసిన. హిందీ పుస్తకాలు మరాఠీ దుకాణాల బోర్డుల అక్షరాలతో కూడబలుక్కొని చదివిన. చుట్టుపక్కల వదినెలు "ఆ పాట చదువే" అని వచ్చేటోళ్లు. తర్వాత తర్వాత ఉత్తరాలు కూడా పట్టుకొచ్చిండ్రు.

పెద్దయినాక గిర్నీలో వైండింగు ఖాతాలో చేరిన. చాలామంది వేలిముద్ర వేసిండ్రు, నేను సంతకం చేసిన. ఒక నెల పగారు చీటీల మా అయిదుగురికి రెండేసి దినాలు తక్కువ పడ్డయి. చదివి చూసింది నేనే. గుమాస్తా "నీకేం తెలుసు" అన్నడు. చీటీ ముందర పెట్టి, అంకెల మీద వేలు పెట్టి చూపించిన. మరుసటి నెల పైసలు కలిపి ఇచ్చిండ్రు.

ఖాతాలో మిషన్ల మోతకు పక్కమనిషి మాట వినరాదు. అయినా పాడుకునేవాళ్లం. కండెలు మారుస్తూ ఎదుటిదాని పెదవులు చూస్తే ఏ పాటో తెలిసిపోయేది. మాట తప్పు పాడితే అదీ తెలిసేది. ఇక్కడి నుంచే చెయ్యి ఊపి, పెదవులతోనే సరిచేసేదాన్ని.