ఇల్లందులో మూడుదినములు

ఫాల్గుణమాసమున ఖమ్మమునుండి ఇల్లందునకు బస్సులోఁ బోవువారికి కిటికీప్రక్క చోటు దొరకుట భాగ్యము. పొలములు పలుచనై అడవి మొదలగుచోట ఆకులులేని మోదుగచెట్లు ఎఱ్ఱనిపూలతో నిలువున మండుచున్నట్లుండును. ఇప్పపూవులు రాలు కాలమును అదియే. తెల్లవాఱకమున్నే కోయస్త్రీలు గంపలతో చెట్లక్రిందఁ జేరుదురు.

ఈ యూరిని చుట్టుపట్లవారు బొగ్గుట్ట యందురు. భద్రాచలయాత్రికులు త్రోవలో రాళ్ళు పేర్చి పొయ్యి రాఁజేయఁగా ఆ రాళ్ళే అంటుకొన్నవని యొక కథ. కథ యెట్లున్నను 1871లో భూగర్భశాస్త్రజ్ఞుఁడు విలియం కింగు ఈ ప్రాంతమున బొగ్గును గుర్తించెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. దాపున నున్న సింగరేణి యను పల్లెపేరే 1920లో కంపెనీపేరై గోదావరిలోయ గనులన్నిటికిని ప్రాఁకినది. గని తెఱవకమున్నే దానిపై జూదమును సాగినది. 1886లో గనులహక్కు పొందిన హైదరాబాదు దక్కను కంపెనీ వాటాలబేరములపై 1888లో లండను పార్లమెంటు విచారణసంఘమును వేయవలసివచ్చెను. బొగ్గుతోఁబాటే పందెమును పుట్టినదని నేనన్నప్పుడు మా వదినగారు నవ్వలేదు.

కారణము మఱునాఁడు తెలిసినది. అమెరికాలోఁ జదువుచున్న మా మేనల్లుఁడు కళాశాలరుసుమునకై పంపిన సొమ్ములోఁ గొంత బాస్కెటుబాలు పందెములోఁ బోఁగొట్టుకొన్నాఁడు.

అచ్చట ప్రతి మార్చినెలలో కళాశాలలజట్లకు పెద్దపోటీ జరుగును. పురుషులపోటీలో 68 జట్లు. ఒక్కసారి యోడినచో ఇంటికే. ప్రతిభాగమునందును ఒకటినుండి పదునాఱువఱకు వరుస లిత్తురు. మొదటిదానితోఁ బదునాఱవది తలపడవలెను. వీఁడు పదునాఱవదానిపై నొడ్డినాఁడు. వానికిఁ బట్టిన పిచ్చి 2018నాఁటిది. ఆ యేఁట మేరీలాండు బాల్టిమోరుకౌంటీవారు వర్జీనియావారిని 74-54తో నోడించిరి. అంతకుముందు 1985నుండి జరిగిన అట్టి 135 ఆటలలోఁ బదునాఱవజట్టు ఒక్కతూరియు గెలువలేదు; ఆ లెక్క మాత్రము వానికిఁ గానరాలేదు. మన సోదరీమణులు మురియఁదగినది వేఱొకటి యున్నది: 1998లోనే హార్వర్డు యువతులు స్టాన్‌ఫర్డువారిని వారి యాటశాలయందే 71-67తో గెలిచిరి.

ఒకటికి ఇరువది యిత్తుమని పందెము నడపువారన్నచో అది గొప్ప యుదారముగాఁ దోఁచును. కాని యిరువదియొక్కమాఱులు ఒడ్డి ఒకమాఱు గెలిచినఁగాని సరికి సరి కాదు. అంతకంటెఁ దక్కువగా గెలుచునని యెఱిఁగియే వారట్లిత్తురు. గుఱ్ఱపుపందెములలో జనులు బలహీనపుగుఱ్ఱములపై మితిమీఱి యొడ్డుదురని 1949లోనే ఒక మనస్తత్వశాస్త్రజ్ఞుఁడు లెక్కలతోఁ జూపెను. తెలంగాణమున 2017నుండి ఆన్‌లైనులో డబ్బొడ్డుటయు నేరమే. అమెరికాలో 2018నాఁటి సుప్రీంకోర్టు తీర్పుతో దానికిఁ ద్రోవ తెఱచికొన్నది. చేతిలోని ఫోనే జూదశాలయైనప్పుడు ఇరువదియేండ్ల పిల్లవానికి అడ్డెవ్వరు?

వదినగారు నానుతాడు తీసి యొడిలో పెట్టుకొని కూర్చుండిరి. “కుదువపెట్టెదను. వాని చదువు ఆగరాదు,” అనిరి.

మా యన్నయ్య ముప్పదియేండ్లు గనిలోఁ బనిచేసినవాఁడు. గనిలో అడుగిడఁగానే పైకప్పును కడ్డీతోఁ దట్టి చెవియొగ్గి వినవలెను. ఖంగుమన్నచో గట్టిది, బోలుధ్వని వచ్చినచో వదులు. “వాఁడు తట్టిచూడకుండ అడుగు వేసినాఁడు,” అని యొక్కమాటయే యనెను. కొంతసేపటికి లేచి నానుతాడును తానే పెట్టెలోఁ బెట్టివచ్చెను.

ఆ రాత్రి ఫోనులోఁ బిల్లవాఁడు ఏడ్చినాఁడు. రుసుమును వాయిదాలలోఁ గట్టనిమ్మని కళాశాలవారిని వాఁడే యడుగునట్లును, పింఛనులో మిగిలినది వీరు పంపునట్లును నిశ్చయమైనది. వదినగారు మాత్రము మంచినీళ్ళుతప్ప ముట్టలేదు.

మూఁడవనాఁటి వేకువను బస్సుకొఱకు లేచి చూడఁగా అన్నయ్య వసారాలో ఫోను నెదురుగాఁ బెట్టుకొని కూర్చున్నాఁడు.

“ఏమి చూచుచున్నావన్నయ్యా?”

“ఆట. పండ్రెండవజట్టు రెండు పాయింట్లే వెనుకఁబడినది.” గొంతు తగ్గించి, “మీ వదినకుఁ జెప్పకు,” అనెను.

వంటయింటిలోనుండి గిన్నెల చప్పుడాగినది. “ఇంకెంతసేపున్నదట?” అని వదినగారు అడిగిరి.