బ్రతికియున్న బిడ్డ సాక్ష్యము

ఉస్మానియా విశ్వవిద్యాలయము చెంతనున్న తార్నాకలో, ఒక యింట తల్లులతో మాటలాడుచుంటిని. నిద్రలో హఠాత్తుగా పోవు పసిబిడ్డలనుగూర్చి 1987 మొదలు 1990 వరకు న్యూజిలాండులో జరిగిన పరిశోధన చెప్పితిని. 485 మరణములతో పోల్చుటకు, బ్రతికియున్న 1800 మంది శిశువులనుకూడ ఎన్నుకొనిరి.

“అయ్యగారూ, పోయిన బిడ్డల ప్రక్క నా బిడ్డ పేరు వ్రాయించవచ్చునా? దిష్టి తగలదా?” అని ఒక తల్లి బిడ్డను హత్తుకొనెను.

ఆ భయమును నేను తప్పుపట్టను. గాని ప్రియులారా, దుఃఖపు ఇండ్లను మాత్రమే విచారించిన యెడల, పోయినవారివలెనే బ్రతికినవారును పండుకొనిరేమో ఎట్లు తెలియును? ఉభయులను పోల్చగా, బోర్ల పరుండబెట్టుట అపాయకరమని స్పష్టమాయెను. నేడు వైద్యులు శిశువును వెల్లకిల పరుండబెట్టుమనుచున్నారు. క్షేమముగానున్న బిడ్డల తల్లులు తలుపు తీసినందుననే యితరుల బిడ్డలు బ్రతికిరి.