ఎత్తిన చేయి

తెలుగు అధ్యాపకులు కుంగ్‌ఫూను గురించి వ్రాయబూనడం చూచి పాఠకులు నవ్వుకొనవచ్చును. పద్యంలో గురులఘువులు లెక్కించడమే తప్ప నేలమీద అడుగులు లెక్కించడం మాకు అలవాటు లేని పని. అయినను ఒక తప్పు మమ్ములను ఆ దారి పట్టించినది.

రెండేండ్ల క్రిందట ఒక మధ్యాహ్నం తరగతిలో ఒక విద్యార్థి కునికిపాట్లు పడుతున్నాడు. రెండుమార్లు పిలిచాము. మూడవమారు చేయి ఎత్తాము. ఎత్తిన చేయి ఆగలేదు. అతడు చెంప పట్టుకొని తల వంచుకొన్నాడే గాని ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా తాతగారు పీర్ల పండుగనాడు కర్రసాము చేసిన మనిషి. "చేయి ఎత్తడం ఎవరికైనా వచ్చును నాయనా, ఎత్తినదాన్ని నిలపడమే విద్య" అనేవారు. ఆ విద్య మాకు అబ్బలేదని ఆనాడు తెలిసినది.

బోగోలులో ఉత్తర చైనా పద్ధతి నేర్పే చిన్న క్లబ్బు ఉన్నదని విని, మరునాటి సాయంకాలమే వెళ్ళాము. మాస్టారు మమ్ములను గుర్రంమీద కూర్చున్నట్లు మోకాళ్ళు వంచి నిలబడమన్నారు. రెండు నిమిషాలకే తొడలు వణికాయి. ఇంతలో, "మీకు మొదటి వరుస ఇతడు నేర్పుతాడు" అని ఒక సీనియరును పిలిచారు. చూతుము గదా, మేము కొట్టిన విద్యార్థియే!

అతడు కుడి పిడికిలిని ఎడమ అరచేతితో కప్పి నమస్కరించాడు. మా చేతులు వెంటనే లేవలేదు. ఎట్టకేలకు మేమును అట్లే నమస్కరించి, "ఆనాడు మాదే తప్పు, క్షమించు" అన్నాము. అతడు తడబడి, "అంత మాట వద్దు సార్. జువ్వలదిన్నెలో రాత్రంతా నాన్నతో వేటకు పోయి వచ్చాను, అందుకే నిద్ర వచ్చింది" అన్నాడు. మేము కారణం అడిగి ఉంటే చాలు గదా!

చైనావారు దక్షిణాన పిడికిలి, ఉత్తరాన కాలు అని సామెత చెప్పుకొంటారు. ఆ కాలివిద్యకు ఓనమాల వంటిది తాన్‌తుయ్. పది వరుసలని కొందరు, పన్నెండని కొందరు నేర్పుతారు. ప్రతి వరుసను కుడి ఎడమలుగా చేయాలి. షాన్‌డోంగ్ ప్రాంతపు హుయ్ ముస్లిములు తాన్‌తుయ్‌ని, చాక్వాన్‌ని తరతరాలుగా పోషించారు. హుయ్ ముస్లిములలో ప్రసిద్ధుడైన వాంగ్ జీపింగ్ (1881-1973) విరిగిన ఎముకలు కట్టే వైద్యుడు కూడాను. కొట్టడం తెలిసిన చేయే మాన్పడం కూడా నేర్చినదన్నమాట. మా తాతగారు వింటే ఎంత సంతోషించేవారో!

నేటికి నాలుగు వరుసలు మాత్రమే మాకు వచ్చాయి. ఐదవ వరుసలో మోకాలు మొరాయిస్తున్నది. "తొందర వద్దు సార్, ఊపిరి వదలండి" అని మా చిన్న గురువు హెచ్చరిస్తుంటాడు. తరగతిలో కోపం వచ్చినప్పుడు మేము ఆ మాటనే తలచుకొని ముందుగా ఊపిరి వదలుతాము, పిదప, "రాత్రి నిద్రపోయావా నాయనా?" అని అడుగుతాము.

కళాశాల సంఘంవారికి మా మనవి ఒక్కటే: ఆటస్థలంలో ఒక మూల కర్రసాముకు, ఇట్టి విద్యలకు కేటాయించండి. విద్యార్థి మిత్రులారా, మీరు వచ్చి నేర్చుకొనండి. అధ్యాపకులము మేము వెనుక వరుసలో నిలబడుతాము.