దానియేలు ఏం పెట్టమని అడిగాడు?

ఈ వారం ఒక సాక్ష్యం, దాని వెంట ఒక ఒప్పుకోలు రాస్తున్నాం.

సేవకుల జీవితం మీకు తెలిసిందే. పెళ్లయినా, పుట్టినరోజయినా, కృతజ్ఞత కూడికయినా ప్రార్థన ముగిశాక విస్తరి ముందు కూర్చోవాల్సిందే. "అయ్యగారికి ఇంకో రెండు ముక్కలు వెయ్యండి" అనే ప్రేమను కాదనలేం. రెండేళ్ల క్రితం క్రిస్మస్ నెలలో వేటమాంసమో పెద్దమాంసమో తినని రోజు మాకు లేదు. జనవరిలో ఒక రాత్రి మా ఇద్దరిలో అయ్యగారి కాలి బొటనవేలు ఎర్రగా వాచిపోయింది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం విలవిల్లాడింది. మూడు ఆదివారాలు మోకరించలేక కుర్చీలో కూర్చునే ప్రార్థన చేయాల్సి వచ్చింది.

రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ 9 దగ్గర ఉంది, చెడ్డ కొలెస్ట్రాల్ 170 ఉంది. ఇది గౌట్ అన్నారు డాక్టరుగారు. వేట, పెద్దమాంసం, పందిమాంసం ఆపమన్నారు. కార్జం జోలికి అసలే వెళ్లొద్దన్నారు. ఈ మాంసంలోని కొన్ని పదార్థాలు ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారి కీళ్లలో పేరుకుంటాయనీ, కొవ్వేమో కొలెస్ట్రాల్ పెంచి గుండెకు చేటు చేస్తుందనీ ఓపికగా వివరించారు.

ఒకే పొయ్యి మీద రెండు రకాల కూరలెందుకని మేమిద్దరం కలిసే మానేశాం. పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు, అప్పుడప్పుడు కాస్త కోడికూరతో సరిపెట్టుకున్నాం. నాలుగు నెలలకు యూరిక్ యాసిడ్ 6కు, కొలెస్ట్రాల్ 130కి దిగాయి. బరువు కూడా నాలుగు కిలోలు తగ్గింది. మాత్రలు వేసుకున్నాం, రోజూ తెల్లవారే చెరువుగట్టు మీద నడిచాం కాబట్టి ఇదంతా మాంసం మానడం వల్లేనని చెప్పలేం. మళ్లీ మోకాళ్లూని ప్రార్థించిన రోజు మాత్రం ఇద్దరం ఏడ్చాం.

ఇక్కడిదాకా సాక్ష్యం. ఇక ఒప్పుకోలు.

ఆ సంతోషంలో ఒక ఆదివారం రిపోర్టు కాగితం పట్టుకుని ప్రసంగ వేదిక ఎక్కాం. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం తీసి, రాజు భోజనం వద్దన్న ఆ యౌవనుల ముఖాలు పది దినాలకే ఎలా కళకళలాడాయో చెప్పాం. "మాంసం మానండి, ఆరోగ్యం మీదే" అని ముగించాం. సంఘమంతా ఆమేన్ అంది.

ఆ తర్వాత పత్తి తీతలప్పుడు మన సంఘంలోని ఒక చెల్లెమ్మ చేలో కళ్లు తిరిగి పడిపోయింది. అప్పటికి ఆమె చంటిబిడ్డకు ఎనిమిది నెలలు. పరీక్ష చేయిస్తే ఆడవాళ్లకు 12 ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఆమెకు 7 ఉంది. చూడ్డానికి వెళ్తే మంచం మీద నుంచి లేవబోయింది.

"ఏం తింటున్నావమ్మా?"

"మీరు చెప్పారు కదయ్యగారూ, పెద్దమాంసం మానేశాం."

"మరి దాని బదులు?"

"బదులేముంటదయ్యగారూ? పచ్చడీ, చారూ."

కాసేపు ఆగి ఆమే అంది: "అది మానేస్తే ఇంకెవరూ మమ్మల్ని చిన్నచూపు చూడరు కదా అనుకున్నానమ్మగారూ."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. మా ఇంటి దండెం మీదా ఎండు తునకలు ఆరేవి. మమ్మల్ని పెంచిన కూర అదే. పక్కవాళ్లు మూతి తిప్పుకుని వెళ్లడం చిన్నప్పుడు మేమూ చూశాం. అదే సిగ్గును, మాకు తెలియకుండానే, దేవుని వేదిక మీద నుంచి ఆ బిడ్డ నెత్తిన పెట్టాం.

ఇంటికొచ్చి దానియేలు గ్రంథం మళ్లీ తెరిచాం. అతను రాజు భోజనం వద్దన్నది తనను తాను అపవిత్రపరచుకోకూడదని. మాంసం ఒంటికి చెడ్డదని అక్కడ లేదు. వద్దన్నవాడు ఊరుకోలేదు, దాని బదులు శాకధాన్యాలు పెట్టమని అడిగాడు. తనకూ తన ముగ్గురు స్నేహితులకూ అడిగాడే గాని బబులోనులో అందరూ అలాగే తినాలనలేదు. మేము మానమని చెప్పాం, బదులు ఏం తినాలో చెప్పలేదు. పైగా గౌటున్న మాకు చెప్పిన మందును బాలింతకు అంటగట్టాం.

తెలుసుకున్నవి ఇప్పుడైనా సరిగా చెబుతాం. ఎర్ర మాంసం ఎక్కువగా తినేవారికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో చెప్పింది. ఉప్పు పెట్టో, పొగబెట్టో నిల్వ చేసిన మాంసం విషయంలో ఇంకా గట్టిగా చెప్పింది: రోజుకు 50 గ్రాముల చొప్పున తింటే ఆ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుంది. మన ఉప్పు తునకలూ ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి రోజూ తినేవారు, గౌట్, గుండెజబ్బు, కొలెస్ట్రాల్ ఉన్నవారు డాక్టరును అడిగి తగ్గించుకోవడం మంచిదే.

అయితే ఆ మాంసంలోని ఇనుమును ఒళ్లు సులువుగా తీసుకుంటుంది. బి12 కూడా అందులో ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. వారానికి ఒక్కసారి వండుకునే ఇంట్లో ఆ ఒక్క కూరా తీసేస్తే ఆ లోటును ఏదో ఒకటి పూడ్చాలి. తోటకూర, గోంగూర, పప్పులు, నువ్వులు తినండి. వాటి మీద నిమ్మకాయ పిండుకోండి, లేదా ఉసిరికాయో జామకాయో తినండి. అప్పుడే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది. బి12 ఆకుకూరల్లో దొరకదు, పాలు, పెరుగు, గుడ్డు, చేప కావాలి. గర్భిణులూ బాలింతలూ అంగన్‌వాడీ గుడ్డును ఇంట్లో పంచేయకుండా మీరే తినండి. ఏఎన్ఎం ఇచ్చే ఇనుము మాత్రలు మానొద్దు.

మా చెల్లెమ్మ మాత్రలు వేసుకుంది, గుడ్డు తింది, ఆదివారం కూర మళ్లీ పొయ్యెక్కింది. నాలుగు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 10 దాటింది. ఆ వారమే అదే వేదిక మీద నిలబడి సంఘాన్ని క్షమాపణ అడిగాం. ఆరాధన అయ్యాక ఆమె అమ్మగారి చెయ్యి పట్టుకుని, "ఈ పూట మా ఇంటికి రండి, మీకు పప్పు విడిగా వండాను" అంది. వెళ్లాం. ఒకే చాప మీద కూర్చుని వాళ్లు వాళ్ల కూర, మేము మా పప్పు తిన్నాం. భోజనం నిమిత్తం సహోదరుణ్ని నొప్పించవద్దని పౌలు రోమా సంఘానికి ఎందుకు రాశాడో ఆ చాప మీద మాకు అర్థమైంది.

తండ్రీ, మా పళ్లెంలో ఉన్నదానికి స్తోత్రం. పొరుగువారి పళ్లెంలోకి తొంగిచూసి తీర్పు తీర్చే కళ్లు మాకు వద్దు. అది ఖాళీగా ఉంటే మాత్రం చూడగలిగే కళ్లు దయచేయండి. ఆమేన్.