గన్ గొట్టంలోకి ఎవరు చూస్తారు?

ఫిల్మ్‌నగర్ సినిమాల్లో పేలినన్ని తుపాకులు ఏ యుద్ధంలోనూ పేలి ఉండవు. ఒక్క గుండు కూడా బయటకు రాదు, అంతే తేడా!

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ మెట్రో దగ్గర దిగండి. ఫిల్మ్‌నగర్ వైపు వెళ్తే ఫిల్మ్ చాంబర్, రామానాయుడు స్టూడియో, ఎడిటింగ్ రూములు. యూసుఫ్‌గూడ వైపు దిగితే కృష్ణానగర్. జూనియర్ ఆర్టిస్టులు, ఫైటర్లు, లైట్‌మెన్ ఉండేది అక్కడే. 1970ల్లో అక్కినేని నాగేశ్వరరావు గారు అన్నపూర్ణ స్టూడియోస్ కట్టినప్పుడు ఈ చుట్టుపక్కలంతా బండరాళ్ల గుట్టలే.

నేను ఇక్కడ తిరిగేది హీరోల ఇళ్లు చూడ్డానికి కాదు, గన్‌ల కోసం. నేను రాసే సాఫ్ట్‌వేర్ అసలు ఫిరంగి గొట్టాల లోపల తీసిన లేజర్ స్కాన్‌లను చదువుతుంది.

గొట్టం లోపల ఏం చూస్తారంటారా? ఫిరంగి పేలిన ప్రతిసారీ లోపల పుట్టే వేడి వాయువులు ఉక్కును కొంచెం కొంచెంగా తినేస్తాయి. మన అర్జున్ ట్యాంకు 120 మి.మీ. గొట్టం లోపల గుండును గిర్రున తిప్పే మెలికల గాళ్లు ఉంటాయి. వాటినే రైఫ్లింగ్ అంటారు. అవి మొదలయ్యే చోటే మామూలుగా అరుగుదల ఎక్కువ. బాగా అరిగితే గుండు వేగం తగ్గుతుంది, గురి తప్పుతుంది.

అందుకే సన్నని ప్రోబ్‌ను లోపలికి పంపుతారు. దాని నుంచి వచ్చే లేజర్ గిర్రున తిరుగుతూ గోడ మీద పడుతుంది. వెలుగు ఏ కోణంలో తిరిగొచ్చిందో చూసి గోడ ఎంత దూరంలో ఉందో లెక్కగడతారు. అలా లక్షల చుక్కలు కలిస్తే పాయింట్ క్లౌడ్. చుట్టిన చాపను విప్పి పరిచినట్టు దాన్ని స్క్రీన్ మీద పరుస్తాం. కొత్త గొట్టం కొలతతో పోలిస్తే ఎక్కడ ఎంత అరిగిందో రంగుల్లో తేలిపోతుంది.

సినిమా వాళ్లకీ ఈ లేజర్ కొత్త కాదు. సెట్‌ను స్కాన్ చేసి, ఆ కొలతల మీదే వీఎఫ్‌ఎక్స్ అతికిస్తారు. అక్కడ లేనిదాన్ని ఉన్నట్టు చూపడానికి, మా దగ్గర ఉన్న లోపాన్ని బయటపెట్టడానికి.

కృష్ణానగర్‌లో ప్రాపర్టీ అద్దెకిచ్చే ఒక షాపులో రబ్బరు పిస్టల్ చేతిలోకి తీసుకుని ఫోన్ టార్చ్ వేశాను. అరంగుళం లోపలే గొట్టం మూసుకుపోయింది.

"లోపల ఏం లేదేంటన్నా?" అన్నాను.

"కెమెరా లోపలికి పోదు గదా తమ్ముడూ!" అని నవ్వాడాయన.

ఆ మూసిన గొట్టమే ఫైటర్‌కు రక్ష. లోపలికి చూడని గన్ ఏం చేయగలదో హాలీవుడ్‌కు తెలుసు. 1993 మార్చి 31న బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ 'ది క్రో' షూటింగ్‌లో గాయపడి చనిపోయాడు. క్లోజప్ కోసం అసలు తూటాల్లో మందు తీసేసి డమ్మీలు చేశారు. కానీ వెనక నిప్పు పుట్టించే ప్రైమర్ ఉండిపోయింది. దాని చిన్న దెబ్బకే ఒక గుండు ముందుకు జరిగి గొట్టంలో ఇరుక్కుంది. ఎవరూ చూసుకోలేదు. తర్వాత అదే గన్‌లో బ్లాంక్ పెట్టి పేల్చారు. బ్లాంక్‌లో గుండు ఉండదు, మందు మాత్రం ఉంటుంది. ఆ పేలుడు ఇరుక్కున్న గుండును బయటకు తోసింది. అతని వయసు 28. దాదాపు నా వయసే.

అరుగుదలను మైక్రాన్లలో కొలవాలంటే లేజర్ కావాలి. ఇరుక్కున్న గుండును పట్టుకోవడానికి ఒక టార్చ్, ఒక సన్నని కడ్డీ చాలు. వాటితో పాటు ఆగి చూసే మనిషొకడు ఉండాలి.

ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్ తీస్తున్నారా? రబ్బరు గన్నే తెచ్చుకోండి. మంట, పొగ, శబ్దం ఎడిటింగ్‌లో పెట్టుకోవచ్చు. బ్లాంక్‌లు పేల్చే గన్ అయితే అనుమతి, ఆయుధాలు తెలిసిన మనిషి లేకుండా ముట్టుకోవద్దు. బొమ్మ గన్నయినా సరే, యాక్షన్ చెప్పేముందు గొట్టంలోకి టార్చ్ వేయండి. పట్టేది పది సెకన్లే.