దీపం పెట్టడం మానేసిన మనిషి

ఏఆర్‌టీ సెంటర్‌కు హెచ్‌ఐవీ మందులకొచ్చే ఆడవాళ్ళలో మొక్కు లేని మనిషి అరుదు. విజయనగరం వైపు పైడితల్లి అమ్మవారు, శ్రీకాకుళం వైపు అరసవల్లి సూర్యనారాయణుడు, పల్లెల్లో చర్చి ఉపవాస ప్రార్థనలు. 2004లో ప్రభుత్వం ఉచితంగా ఈ మందులివ్వడం మొదలుపెట్టేదాకా బీదవాళ్ళకి దేవుడు తప్ప దిక్కేముంది? అందుకే భక్తురాల్ని చూసి నేను బెంగపడను. నా బెంగంతా దేవుడు తనను శిక్షించాడనుకునే మనిషి గురించే.

ఒకామెకి ముప్పయ్యేళ్ళు కూడా లేవు. భర్త చెన్నైలో తాపీపనికెళ్ళి, జబ్బుతో తిరిగొచ్చి పోయాడు. "కార్తీకంలో దీపమెట్టడం మానేశాను బాబూ. నా సెయ్యి పడితే ఇంటికి మంచిది కాదు" అంది, కొంగు అంచు చుడుతూ. ఎవరన్నారమ్మా అంటే, "ఎవలూ అన్లేదు. నాకే తెలుస్తంది." నిద్ర లేదు, అన్నం సయించదు, మాత్రలు గుర్తొస్తే వేసుకుంటోంది. ఇంట్లోవాళ్ళు దాన్ని వైరాగ్యమనుకున్నారు. అది డిప్రెషన్. దేవుడు తోడున్నాడనుకునేవాళ్ళనీ, వదిలేశాడని కుమిలేవాళ్ళనీ వేరుగా చూడాలని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ పార్గమెంట్ ఎప్పుడో చెప్పాడు. ఆమెది రెండో దారి. డిప్రెషన్‌కి మందు రాసి, కౌన్సిలర్ దగ్గర కూర్చోబెట్టాం. దీపం ఊసు నేనెత్తలేదు. నిద్ర పట్టాక ఆమే ఎత్తింది.

అన్నీ మనసు జబ్బులే కావు లెండి. పాత హెచ్‌ఐవీ మాత్రలో ఎఫావిరెంజ్ అనే మందు ఉండేది, కొందరికి పీడకలలొచ్చేవి. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకున్నవాళ్ళున్నారు. దాని బదులు డోలుటెగ్రావిర్ వచ్చాక ఆ గొడవ తగ్గింది.

ఇంకో చిక్కు మేమిచ్చే కాగితం వల్లే వస్తుంది. వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడలేదని రాగానే, ఒకామె జబ్బు పేరు చెప్పకుండా ప్రార్థనలో సాక్ష్యం చెప్పి, మాత్రలు ఆపేసింది. వేసుకుంటే స్వస్థతను అనుమానించినట్టట! కణాల్లో నక్కిన వైరస్, మందు ఆపితే వారాల్లోనే పైకి లేస్తుంది. ఆ కాగితం మాత్రలు పనిచేస్తున్నాయనడానికే గుర్తని విడమర్చి చెప్పాను. పాస్టరుగారితో నేను మాట్లాడకూడదు, ఆమె ఒప్పుకోకపోతే 2017 హెచ్‌ఐవీ చట్టం ఒప్పుకోదు. "ఆ మాత్ర కూడా ఆయనే ఇచ్చాడనుకోమ్మా" అన్న కౌన్సిలరమ్మ మాటే పనిచేసింది.

ఇలాంటివి చూశాక ఇప్పుడు ఉపవాసాల సంగతి ముందే అడుగుతాను. డోలుటెగ్రావిర్ మాత్ర పరగడుపునైనా వేసుకోవచ్చు. ఐరన్, కాల్షియం బిళ్ళలు మాత్రం ఆ పూట దీనితో కలపొద్దు.